మామ నడుం పట్టీలో దినార్లు

1990 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మా అవ్వ పంచలో చాప మీద కూర్చుని మా మామ ప్యాంటు నడుం పట్టీ కుట్లు విప్పింది. కత్తెర కనపడలేదని పాత బ్లేడు ముక్కతోనే కానిచ్చింది. లోపల ప్లాస్టిక్ కవరు, అందులో నిలువుగా మడిచి నొక్కిన నోట్లు. ఒక్కొక్కటే తీసి చాప మీద పరిచింది. ముప్ఫై కువైట్ నోట్లు, అన్నీ ఇరవై దినార్లవి. ఒకవైపు అరబ్బీ, రెండోవైపు ఇంగ్లీషు. నాకప్పుడు పదమూడేళ్లు. "ముట్టుకోవద్దురా" అని అమ్మ అరిచేలోగా ఒకటి తీసి వాసన చూశాను. చెమట, కొబ్బరి నూనె, కొంచెం పెట్రోలు.

ఆరు వందల దినార్లు. నెలన్నర ముందు లెక్కలో దినారుకు సుమారు అరవై రూపాయలు. అంటే ముప్ఫై ఆరు వేలు. టీచరు ఉద్యోగం చేసే మా నాయన ఏడాదంతా అన్నం మానేసి దాచినా అంత కాదు. కానీ ఆ రోజు ఆ నోట్లన్నీ కలిపి ఇచ్చినా రాయచోటి బస్టాండులో ఒక టీ కూడా వచ్చేది కాదు.

మా అవ్వగారి ఊరు రాయచోటికి అవతల. బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. ఇప్పుడంటే అన్నమయ్య జిల్లా, అప్పుడు అంతా కడప జిల్లానే. వేరుశనగ వేస్తే వాన రాదు, వచ్చినా ఊడలు దిగే టైముకు ఆగిపోతుంది. అందుకే ఇంటికొకరు కువైట్‌లో ఉండేవాళ్లు. మగవాళ్లు డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఆడవాళ్లు ఇంటి పనికి. ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ వచ్చేవి. మామ రెండు వైపులా నిండుగా మాట్లాడి పంపేవాడు. మొదటి వైపంతా అందరి క్షేమం, రెండో వైపు చివర ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్కలు. డ్రాఫ్టు వేరే రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేది. అవ్వ ఆ లెక్కల దగ్గర మాత్రం టేపు వెనక్కి తిప్పించి రెండుసార్లు వినేది.

ఆ ఏడాది మామ డ్రాఫ్టు పంపలేదు. దీపావళికి సెలవు మీద వచ్చి రాయచోటిలో ఇంటి స్థలం కొందామని డబ్బు దగ్గరే పెట్టుకున్నాడు. ఇంటి డ్రైవరుకు బ్యాంకు ఖాతా ఏంటికి అనుకుని కఫీల్ (పనికి పిలిపించుకున్న యజమాని) ఇంటి వెనక తన గదిలో పరుపు కింద దాచాడు. ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది.

తర్వాత సంగతి మామ ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్పేవాడు, నీళ్ల దగ్గర మాత్రం ఆగిపోయేవాడు. మూడు వారాలు గదిలోనే ఉన్నారు. ఇరాక్ ఆ దేశాన్ని తన 19వ రాష్ట్రమని ప్రకటించుకుంది. ముందు కువైట్ దినారు, ఇరాక్ దినారు రెండూ సమానమే అన్నారు. అంతకుముందు బయటి బజారులో ఒక కువైట్ దినారుకు ఎన్నో రెట్లు ఇరాకీ దినార్లు వచ్చేవట. కువైట్ దినారు అసలు చెల్లదనడం ఆ తర్వాతి మాట. మామ, ఇంకో ఎనిమిది మంది కలిసి బస్సు మాట్లాడుకుని బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దారి పట్టారు. బస్సువాడు దినార్లు తీసుకోలేదు. మామ చేతి గడియారం, టూ-ఇన్-వన్ టేపు రికార్డరు తీసుకున్నాడు. సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు. అక్కడ ఒక మనిషి దగ్గర నీళ్ల డబ్బా ఉంటే మామ ఇరవై దినార్ల నోటు చూపించాడట. పన్నెండు వందల రూపాయల నోటు. ఆ మనిషి దాన్ని చూసి తలకాయ అడ్డంగా ఊపి, మామ చెప్పుల వైపు వేలు చూపించాడట. అందుకే మామ అమ్మాన్ నుంచి బొంబాయికి విమానంలో ఒట్టి కాళ్లతో వచ్చాడు. ఆ రెండు నెలల్లో లక్షా డెబ్బై వేల మంది దాకా మనవాళ్లను అట్లా విమానాల్లో తెచ్చారు. వాళ్లలో మా ఊరివాళ్లే పదకొండు మంది.

నాయన మామను వెంటబెట్టుకుని కడపకు తీసుకుపోయాడు. బడి ఎగ్గొట్టి నేనూ పోయాను. గువ్వలచెరువు దగ్గర బస్సు ఆగితే ఎప్పుడూ పాలకోవా కొనిచ్చే మామ ఆ రోజు కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. బ్యాంకులో ఒకాయన నోటు తిరగేసి చూసి, లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చాడు. "దీనికి రేటు లేదు సార్" అన్నాడు. ఎంత తక్కువైనా ఫరవాలేదని నాయన అన్నాడు. "తక్కువ కాదు సార్. రేటే లేదు."

ఆ ముక్క నాకు చాలా రోజులు అర్థం కాలేదు. వస్తువుకు ధర తగ్గుతుందని తెలుసు. ధర అనేదే లేకుండా పోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

వారం తిరక్కుండా ఊళ్లోకి ఒక మనిషి వచ్చాడు. బొంబాయిలో ఎవరో కొంటున్నారట, దినారుకు పది రూపాయలు ఇస్తాడట. కువైట్ నుంచి వచ్చినవాళ్లలో నలుగురు అమ్మేశారు. మామ కూడా సిద్ధపడ్డాడు. ఆరు వేలు వస్తాయి, ప్యాంటులో పెట్టుకుని ఏం చేసుకుంటాం అన్నాడు. నాయన కూడా ఔననే అన్నాడు. వద్దని అడ్డం పడింది అవ్వ.

"ఇవి మేత అడుగుతాండాయా, నీళ్లు అడుగుతాండాయా? ఏంటికి తొందర?" అంది.

నాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే అవ్వకు కాగితం మీద నమ్మకం అసలు లేదు. చదువు రాదు. ఆమె లెక్కలో సొమ్ము అంటే జొన్నలు, గొర్రెలు, ఆ తర్వాతే బంగారం. బంగారం ముందు కదా అని మీరనుకోవచ్చు. నేనూ అట్లే అనుకుని ఆ రాత్రి అడిగాను. అప్పుడు చెప్పింది 1952 సంగతి.

అప్పటికి మా జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. వరసగా వానలు పోయాయి. ప్రభుత్వం గంజి కేంద్రాలు పెట్టింది. అవ్వకు పెళ్లయి నాలుగేళ్లు, పుట్టింటివాళ్లు పెట్టిన కాసులపేరు ఉంది. దాన్ని తీసుకుని తాత రాయచోటికి పోయాడు. రెండు మూటల జొన్నలతో తిరిగొచ్చాడు. అంతే. "బంగారం ధర పడిపోయిందా అవ్వా?" అని అడిగాను. "ధర యాడికి పోతాది? అమ్మేవాళ్లు ఊరంతా, కొనేవాడు ఒక్కడు. వాడు చెప్పిందే ధర" అంది. ఆ రెండు మూటలు పాతరలో పోసుకుని ఏడు నెలలు గడిపారట.

పాతర చూడనివాళ్ల కోసం చెప్తాను. ఇంటి ముందరో, వీధిలోనో బావిలాగా తవ్విన గుంత, మూతి చిన్నది, లోపల కడుపు పెద్దది. గోడలకు గడ్డి పేర్చి గింజలు పోసి, పైన బండ వేసి, మన్ను కప్పేస్తారు. నా చిన్నప్పుడు అవ్వగారింటి పాతర ఒక్కసారే తెరవడం చూశాను. బండ జరపగానే వేడి గాలి ముఖాన కొట్టింది. ఎవరినీ దిగనివ్వలేదు. ముందు లాంతరును తాడు కట్టి కిందికి దించారు. అది ఆరిపోయింది. మళ్లీ దించారు, మళ్లీ ఆరిపోయింది. సాయంత్రానికి గానీ దీపం నిలవలేదు, అప్పుడే మనిషి దిగాడు. ఆ జొన్నలతో చేసిన సంగటికి ఒక మక్కిన వాసన ఉంటుంది. అది ఇష్టపడి తినే ముసలివాళ్లు అప్పుడు ఉండేవాళ్లు.

అవ్వ ఆ ముప్ఫై నోట్లను మళ్లీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బా అడుగున దాచింది.

ఈ లోపల మా నాయన సంగతి. ఆయన పొదుపంతా పోస్టాఫీసులో. 1987లో ఇందిరా వికాస పత్రాలు పది కొన్నాడు. ఒక్కొక్కటి అయిదు వందలు పెట్టి కొంటే అయిదేళ్లకు వెయ్యి ఇస్తారు. వాటి మీద పేరు ఉండదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. పోతే పోయినట్టే, చిరిగితే చిరిగినట్టే, మళ్లీ ఇవ్వరు. అందుకని నాయన వాటిని పాత పంచాంగాల మధ్య పెట్టి, చెదలు పట్టకుండా కర్పూరం ఉండలు వేసి, నెలకొకసారి లెక్కపెట్టేవాడు. చేతులు కడుక్కుని వచ్చి మరీ. ఒకసారి తొమ్మిదే వచ్చాయి. ఆ పూట మా ఇంట్లో ఉన్న టెన్షన్ పరీక్షల రోజు కూడా లేదు. రెండు అతుక్కుపోయాయని తర్వాత తేలింది.

"పేరు లేని కాగితం, అల్లుడూ" అని అవ్వ ఆయన్ను ఎగతాళి చేసేది.

"బియ్యం డబ్బాలో మీరు పెట్టిన దానికి మాత్రం పేరుందా అత్తా?" అని నాయన.

1991 వచ్చింది. ఫిబ్రవరి చివరిలో కువైట్‌కు విముక్తి కలిగింది. మార్చి 24న వాళ్లు కొత్త నోట్లు తెచ్చారు. పాతవి సెప్టెంబరు 30 దాకా మార్చుకోవచ్చన్నారు, కానీ ఇరాక్ వాళ్లు దోచుకుపోయిన నోట్ల నంబర్లు రద్దు చేశారు. ఈ సంగతి మా ఊరికి చేరేసరికి మే నెల. పది రూపాయలకు అమ్ముకున్న నలుగురూ తలలు పట్టుకున్నారు. కానీ మార్చుకోవాలంటే కువైట్‌కు పోవాలి, పోవాలంటే కఫీల్ పిలవాలి. మామ ఉత్తరం మీద ఉత్తరం రాయించాడు.

ఆ ఎదురుచూపుల్లోనే మన రూపాయి పడింది. జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి. డాలరు 21 రూపాయల దగ్గర నుంచి 26కు చేరింది. నాయన పేపరు చదువుతూ 1966 జూన్ గుర్తు చేసుకున్నాడు. అప్పుడు ఇందిరాగాంధీ ఒక్క రాత్రిలో డాలరును 4.76 నుంచి 7.50 చేసింది. ఆయన అప్పుడు చదువుకుంటున్నాడు, హాస్టల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదట. ఈసారి మాత్రం ఆయనకు బాగానే అర్థమైంది. పంచాంగాలు తెచ్చి పత్రాలు లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి. ఉండి ఏం లాభం అన్నట్టు ముఖం పెట్టాడు.

దాని వెంటే ఇంకో వార్త. రిజర్వు బ్యాంకు 47 టన్నుల దాకా బంగారం విదేశాలకు తాకట్టుకు పంపిందని. అంతకు రెండు నెలల ముందే ఇంకో 20 టన్నులు స్విట్జర్లాండుకు పోయింది. దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయట. ఊళ్లో రచ్చబండ దగ్గర ఒకటే గోల, పరువు పోయిందని. ఆ మాటన్నవాళ్లలో సగం మంది పెళ్లాల కమ్మలు రాయచోటిలో కుదువలోనే ఉన్నాయి. అవ్వ విని, "కుదువ పెడితే ఏమైతాది? ఇడిపించుకుంటారా లేదా, అది కనుక్కో" అంది. ఆ అప్పు ఆ ఏడాదిలోనే తీర్చేశారు. మొన్న 2024లో రిజర్వు బ్యాంకు ఇంగ్లండు నుంచి వంద టన్నుల బంగారం తిరిగి తెచ్చిందని చదివినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

ఆగస్టులో కఫీల్ నుంచి కబురొచ్చింది. అవ్వ మళ్లీ సూది దారం తీసింది. ఈసారి కొత్త ప్యాంటు. నల్ల దారం లేదని ముదురు నీలం దారంతో కుట్టింది, బయటికి కనపడుతోందని అమ్మ గొణిగింది. "వాడి నడుము ఎవరు చూస్తారే" అని కసిరింది అవ్వ.

అక్టోబరులో క్యాసెట్ వచ్చింది. రెండో వైపు చివర లెక్క. ముప్ఫై నోట్లలో ఇరవై ఆరు తీసుకున్నారు. నాలుగు రద్దయిన నంబర్లవి. దాడి తర్వాత చేతికి వచ్చిన ఆఖరి జీతంలో అవి కలిసినట్టున్నాయి. అవ్వ రెండుసార్లు విన్నది. తర్వాత డ్రాఫ్టు వచ్చింది. 520 దినార్లు, ఈసారి దినారు తొంభై రూపాయలకు దగ్గర. దాదాపు నలభై ఆరు వేలు.

ఇది మామూలు మనిషికి తలకెక్కే లెక్క కాదు. ఎనభై దినార్లు పోయాయి, అయినా రూపాయల్లో చూస్తే ముందరికంటే పది వేలు ఎక్కువ. మామ ఏమీ చేయలేదు, రూపాయే కిందికి దిగింది. ఊరంతా మామ అదృష్టం అన్నారు. ఆ డబ్బు తీసుకుని నాయన స్థలం బేరానికి పోతే, నిరుడు ముప్ఫై వేలన్న అయిదు సెంట్లు ఇప్పుడు యాభై ఎనిమిది వేలు అన్నాడు అమ్మేవాడు. కువైట్ డబ్బు మళ్లీ వస్తోందని వాడికీ తెలుసు. చివరికి నాలుగు సెంట్లు కొన్నారు.

1992లో నాయన పత్రాలు గడువు తీరాయి. అయిదు వేలు పది వేలయ్యాయి. ఆ రోజు హోటల్లో దోసెలు తిన్నాం. చాలా ఏళ్ల తర్వాత, నేను ఉద్యోగంలో చేరాక, సరదాకి లెక్క వేశాను. 1987లో డాలరు 13 రూపాయల దరిదాపుల్లో ఉండేది. అయిదు వేలంటే 385 డాలర్లు. పది వేలను 26తో భాగిస్తే మళ్లీ అదే 385. అయిదేళ్లు చేతులు కడుక్కుని లెక్కపెట్టిన డబ్బు, డాలర్లలో అంగుళం కూడా కదల్లేదు. నాయనకు చెప్తే కొంచెంసేపు ఆలోచించి, "నేను డాలర్లతో కూరగాయలు కొన్నానా?" అన్నాడు. నిజమే. బంగారంతో పోల్చినా ఆయనే గెలిచాడు. 1987లో ఆ అయిదు వేలకు రెండు తులాల లోపు వచ్చేది, 1992లో పది వేలకు రెండు తులాల పైన వచ్చింది. తులం అంటే పది గ్రాముల లెక్కే.

తప్పు చేసింది అప్పుడేనని ఆయన అనుకునేవాడు. ఆ పది వేలు తీసుకుని, మా చెల్లెలి పెళ్లికి పనికొస్తాయని ప్రొద్దుటూరు పోయి బంగారు గాజులు కొన్నాడు. మా జిల్లాలో పెళ్లి బంగారం అంటే ప్రొద్దుటూరే. అక్కడి అంగళ్ల వరస చూస్తే జిల్లాలో కరువు ఉందంటే ఎవరూ నమ్మరు. నాయన కొన్న తర్వాత బంగారం నిద్రపోయింది. 1992లో నాలుగు వేల పైన ఉన్నది 2000లో కూడా నాలుగున్నర వేలు దాటలేదు. ఈ ఎనిమిదేళ్లలో బియ్యం, బస్సు చార్జీలు, అన్నీ పెరిగాయి. పత్రాలే మళ్లీ కొని ఉంటే రెట్టింపు పైన అయ్యేదని ఆయన చెల్లెలి పెళ్లి దాకా అంటూనే ఉన్నాడు. ఆ గాజులు ఇప్పుడు ఎంత చేస్తాయో మీకు తెలుసు. చెల్లెలు మాత్రం వాటిని ఒక్కసారి కూడా తూకం వేయించలేదు.

మామకు ఇంకొంత డబ్బు రావాల్సి ఉండేది. యుద్ధంలో కువైట్ వదిలి పారిపోయినవాళ్లకు ఐక్యరాజ్య సమితి ఇరాక్ చమురు డబ్బు నుంచి పరిహారం ఇచ్చింది. వేరే ఏ క్లెయిమూ వేయబోమని ఒప్పుకుంటే మనిషికి నాలుగు వేల డాలర్లు. ఫారాలు నాయనే నింపాడు. ఏళ్లు గడిచాయి. మొదట 2,500 వచ్చాయి, అప్పటికి డాలరు 35 దాటింది. మిగిలినవి వచ్చేసరికి నలభై దాటింది. "లేటయ్యే కొద్దీ సద్దాం ఎక్కువిస్తాండాడు బావా" అని మామ నవ్వేవాడు.

ఆ డబ్బంతా బోరులో పోయింది. అది చెప్పకుండా ఆపితే అబద్ధం చెప్పినట్టవుతుంది. 2002 కరువులో మామ కువైట్ వదిలేసి వచ్చి, చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాడు. చెట్లు ఎండిపోతుంటే చూడలేక బోరు వేయించాడు. మొదటిది మూడు వందల అడుగులు, దుమ్ము. రెండోది నాలుగు వందల యాభై, తడి మన్ను వచ్చి ఆగిపోయింది. మూడోదానికి అవ్వ చేతి గాజులు కుదువకు పోయాయి. బోరు లారీ రాత్రంతా మోగుతుంటే అవ్వ గట్టు మీద కూర్చుంది. పైపులోంచి వచ్చే తెల్ల పొడిని పిడికిలితో తీసి నలిపి చూసేది. తెల్లారి లారీవాడు ఎంత లోతుకు ఎంతయిందో లెక్క చెప్తే ఆమె రెండోసారి అడగలేదు. ఆ గాజులు విడిపించలేదు. రూపాయి ఎంత పడినా ఆరు వందల అడుగులు పడలేదు కదా అని మామ అంటే, అప్పుడు ఎవరూ నవ్వలేదు.

రద్దయిన నాలుగు నోట్లలో మూడు ఎక్కడ పోయాయో తెలియదు. ఒకటి నా దగ్గర ఉంది, నాయన పంచాంగంలో. పోయిన సంక్రాంతికి మామ ఇంటికొస్తే తీసి చూపించాను. ఆయనకిప్పుడు కంటి ఆపరేషన్ అయింది, దగ్గరిది సరిగా కనపడదు. వీధి గుమ్మం దగ్గరికి పోయి వెలుతురుకు పట్టుకుని, నంబరు మీద వేలు పెట్టి చదవబోయి ఊరుకున్నాడు. తర్వాత చూడకుండానే, నిలువుగా, పాత మడత మీదే మడిచి, నడుం పట్టీలో పట్టేంత సన్నంగా చేసి నా చేతిలో పెట్టాడు.